స్కోరు రాసిన అరేంజర్ ఆల్బమ్ విడుదల ఆపగలరా?

ప్రశ్న: కడపలో నలుగురం కలిసి రాక్ బ్యాండ్ నడుపుతున్నాం. 8 పాటల ఆల్బమ్‌కు సింఫనీ హంగు కావాలని చెన్నైలో 24 మంది వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బాస్ కళాకారులతో రెండు కాల్‌షీట్లు (రికార్డింగ్ సెషన్లు) రికార్డు చేశాం. డబ్బంతా వాళ్లను కుదిర్చిన కోఆర్డినేటర్‌కే ఇచ్చాం. వోచర్ తప్ప కాగితం లేదు. ఇప్పుడు స్కోరు (ఏ వాద్యం ఏం వాయించాలో చెప్పే స్వరలిపి) రాసిన అరేంజర్ తన వాటా తేల్చేదాకా విడుదల చేయొద్దంటున్నారు. డబ్బు తీసుకున్నాక ఇంకా ఆయనకు హక్కేమిటి?

జవాబు: ఉంటుంది. డబ్బిచ్చి చేయించుకున్నవారిదే హక్కు అనే సూత్రం ఫొటోలు, పెయింటింగులు, సినిమాల వంటి వాటికే. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ఆ వరుసలో పాటల సంగీతాన్ని చేర్చలేదు. అరేంజర్ మీ దగ్గర జీతానికి ఉన్న ఉద్యోగి కూడా కాదు. ఆయన హక్కు మీకు రావాలంటే 19వ సెక్షన్ ప్రకారం సంతకం చేసిన బదిలీ పత్రం ఉండాల్సిందే. వోచర్ డబ్బు ముట్టిందని మాత్రమే చెబుతుంది.

అలాగని పాటంతా ఆయనదైపోదు. మీ ట్యూన్‌ను వాద్యాలకు పంచి రాయడం చట్టం దృష్టిలో అడాప్టేషన్ (ఉన్న రచనకు మరో రూపం ఇవ్వడం), మూల బాణీ హక్కు మీకే ఉంటుంది. పేచీ అంతా ఆయన సొంతంగా కట్టిన బిట్ల దగ్గరే. స్కోరు ముందు పెట్టుకుని మీ డెమో (మీరు మొదట చేసుకున్న నమూనా రికార్డింగ్) వినండి. రెండో చరణానికి ముందు 16 బార్ల వయొలిన్ బిట్ ఉందనుకుందాం. అది డెమోలో గిటార్ మీద ముందే ఉంటే మీది, లేకుంటే ఆయనదే అనుకుని మాట్లాడండి. డెమో ఉన్న ఫోన్‌ను ఫార్మాట్ చేయకండి. డెమో కాపీని కోర్టులో చూపించాలంటే, ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63(4) సర్టిఫికెట్ కావాలి.

నన్నడిగితే రాజీయే మేలు. ఆయన కాపీరైట్ చట్టం 55వ సెక్షన్ కింద ఇంజంక్షన్ (విడుదల ఆపమనే కోర్టు ఉత్తర్వు) తెచ్చారంటే ఆల్బమ్ మూలన పడుతుంది. ఒప్పందంలో పాటల పేర్లు, హక్కులు, రాయల్టీ విడివిడిగా రాయించండి. కాలం రాయకపోతే 5 ఏళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఆన్‌లైన్‌లో పెట్టే పాటకు అది చాలదు, 'ప్రపంచవ్యాప్తంగా' అని ఉండాలి. ఏడాదిలోపు వాడకపోతే బదిలీ రద్దవుతుంది కాబట్టి మిక్సింగ్ సాగేలా ఉంటే ఆ గడువును కూడా పొడిగించి రాసుకోండి. 'సర్వహక్కులు వదులుకున్నాను' అని ఒక్క ముక్క రాయించుకుంటే సరిపోదు. సంగీతకర్తకు రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కును 19(10) కాపాడుతుంది.

ఇక ఆ 24 మంది. మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే పెళ్లిలో పాడి, డబ్బు తీసుకుని వెళ్లిపోయే బృందమే కదా! రికార్డింగ్ అలా కాదు. 38, 38ఎ సెక్షన్ల కింద ప్రతి వాద్యకారుడికీ 50 ఏళ్ల ప్రదర్శకుడి హక్కు ఉంటుంది. వాణిజ్యంగా వాడితే రాయల్టీ కూడా. సినిమాకు రాతపూర్వకంగా ఒప్పుకున్నవారు తర్వాత అభ్యంతరం చెప్పకూడదనే నియమం ఉంది గానీ అది ఆల్బమ్‌కు వర్తించదు. వాళ్లు రాసిచ్చిన అధికార పత్రం లేకుండా కోఆర్డినేటర్ సంతకం వాళ్లను కట్టిపడేయదు. కాల్‌షీట్ రిజిస్టర్‌లో పేర్లుంటాయి, దాన్ని పట్టుకుని 24 సంతకాలూ సేకరించండి.

చివరిగా స్టూడియో బిల్లు చూడండి. రికార్డింగ్‌కు చొరవ, బాధ్యత తీసుకున్నవారే చట్టరీత్యా నిర్మాత, సౌండ్ రికార్డింగ్ హక్కు వారిదే. బిల్లు కోఆర్డినేటర్ పేరు మీద ఉంటే రేపు ఆయన కూడా హక్కు నాదేనంటూ బయల్దేరతారు. మీ తరఫున బుక్ చేసినట్టు ఇప్పుడే రాయించుకోండి.