యూరియా తగ్గించమంటే ఇంకో బస్తా ఎందుకు వేస్తారు?

మీరు అడిగింది ఇది: దాళ్వా (రబీ) వరిలో యూరియా తగ్గించమని గట్టిగా చెప్పాక, ఎప్పుడూ మాట వినే రైతులు కూడా పంతానికి ఇంకో బస్తా వేశారు, ఎందుకని. గోదావరి డెల్టాలో రైతులతో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఆ తగువు యూరియా గురించి కాదండీ. ‘నా చేలో ఎంత వెయ్యాలో తేల్చేది ఎవరు’ అన్నదాని గురించి.

1966లో జాక్ బ్రెమ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని సిద్ధాంతంగా చెప్పాడు. తన చేతిలో ఉందనుకున్న నిర్ణయాన్ని ఎవరో లాక్కుంటున్నారనిపిస్తే, దాన్ని మళ్ళీ దక్కించుకోవాలన్న పట్టుదల పుడుతుంది. ఆ స్వేచ్ఛ ఎంత విలువైనదైతే, చెప్పేమాట ఎంత గట్టిదైతే, పట్టుదల అంత ఎక్కువ. అప్పుడు మనిషి వద్దన్నదే చేస్తాడు. తను చెయ్యలేకపోతే చేసినవాణ్ణి మెచ్చుకుంటాడు. అదీ కుదరకపోతే చెప్పినవాళ్ళ మీద మనసు విరుచుకుంటాడు. మీ ఊరి టీకొట్టు దగ్గర ఈ మూడూ కనబడతాయి.

డెల్టాలో చేలో దిగేవాళ్ళు చాలామంది కౌలురైతులు. ఎకరానికి ఎన్ని బస్తాల కౌలో భూమిగలాయన చెబుతాడు. నీరు ఎప్పుడన్నది కాలవ వంతు. పురుగుమందు ఏదన్నది అప్పిచ్చే కొట్టాయన మాట. ధాన్యం ధర సరేసరి. ఇన్నిటి మధ్య ఆ రైతుకు మిగిలిన సొంత నిర్ణయం, గట్టుమీద నిలబడి ఎంత చల్లాలన్నదే. దాన్ని కూడా తీసేస్తామంటే ఎదురుతిరగడం మొండితనం కాదు. ఈ ఒక్కటి అర్థమైతే సగం పని అయినట్టే.

అయితే ప్రతి ‘కాదు’కీ కారణం ఇదే అనుకోకండి. ‘తగ్గిస్తే దుబ్బు కట్టదమ్మా (పిలకలు రావు)’ అంటే అది అనుమానం, చూపిస్తే తీరుతుంది. ‘తర్వాత దొరకదేమో’ అంటే కొరత భయం, దానికి సరుకే మందు. ‘మాకు నేర్పుతావా?’ అన్నాడా, అప్పుడే ఈ పట్టుదల. అక్కడ లెక్కలు, హెచ్చరికలు పెంచినకొద్దీ ఇంకా బిగుసుకుంటాడు. నత్రజని ఎక్కువైతే దోమపోటు, పాముపొడ తెగులు వస్తాయన్నది నిజమే, కానీ అప్పుడు ఆ నిజం కూడా బెదిరింపులాగే వినబడుతుంది.

మొదట మార్చాల్సింది మాట. 2000లో ఫ్రాన్సులో గెగాన్, పాస్కాల్ అనే పరిశోధకుల ప్రయోగంలో, దారినపోయేవాళ్ళను బస్సు ఖర్చుకు చిల్లర అడిగితే 10 శాతం మంది ఇచ్చారు. ‘ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ చేతిలోదే’ అన్న మాట చేర్చి అడిగితే 47.5 శాతం మంది ఇచ్చారు. కానీ దీన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు జాగ్రత్త. ‘మీ ఇష్టం’ అని ముక్తసరిగా అంటే మన దగ్గర అది విసుగు. ‘మీ ఇష్టం, తర్వాత నన్నడగొద్దు’ అంటే నేరుగా బెదిరింపే. ‘బాబాయ్ గారూ, చూసి మీరే తేల్చండి, వెయ్యాలనిపిస్తే వెయ్యండి’ అనండి, అని ఊరుకోండి. వెంటనే ‘కానీ’ అన్నారా, ఇచ్చింది వెనక్కి లాక్కున్నట్టే.

తేల్చడానికి ఆయన చేతిలో కొలత ఉండాలి. ఆకు పచ్చదనాన్ని పోల్చి చూసే రంగుల పట్టీ, ఆకురంగుల చార్టు, అందుకే. నాట్లేసిన 14 రోజుల నుంచి, వారం పది రోజులకోసారి, మడిలో అక్కడక్కడ 10 దుబ్బులు. ఒక్కో దుబ్బులో పూర్తిగా విచ్చుకున్న పై ఆకును, కొయ్యకుండా, ఎండ పడకుండా మీ నీడలో ఉంచి చార్టుతో పోల్చాలి. పదింట ఆరు గానీ అంతకు మించి గానీ, ఆ రకానికి చెప్పిన రంగుకన్నా పాలిపోయి ఉంటే యూరియా వెయ్యాలి, లేకపోతే ఆగొచ్చు. చార్టు ఆయన చేతికివ్వండి, మీరు పట్టుకోవద్దు. లెక్క ఆయన నోటివెంటే రావాలి.

ఎకరమంతా చార్టు ప్రకారం వెయ్యమని అడగకండి, 10 సెంట్ల మడి చాలు. ఎకరానికి దఫాకు బస్తా వేసే అలవాటుంటే ఆ మడికి నాలుగున్నర కిలోలు పడుతుంది. 45 కిలోల బస్తాలో నత్రజని 20.7 కిలోలని ఆయన అడిగితే చెప్పండి. ఏ మడో ఆయన్నే ఎంచుకోనివ్వండి. ఈ ప్రయత్నం చాలాచోట్ల దెబ్బతినేది గట్టు దగ్గరే: పై మడి నీరు దిగితే అక్కడి యూరియా ఇందులోకి వచ్చేసి తేడా కనబడదు, ‘చెప్పానుగా’ అంటాడు. అందుకని నీరు దిగే తూము మూయించి, బురదపదునులో చల్లించి, 36 నుంచి 48 గంటల తర్వాత నీరు పెట్టించండి.

ఇంకొకటి. పదిమందిలో ఆయన తప్పు ఎత్తిచూపకండి, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. అక్కడ తగ్గితే ఊళ్ళో మాట పోయినట్టు. ఆ బస్తా వేసిన రైతుల దగ్గరికి ఇప్పుడు మళ్ళీ వెళ్ళండి, వేసిన బస్తా ఊసెత్తకుండా ‘చేను ఎలా ఉందండీ’ అని అడగండి. చిరుపొట్ట దఫా (కంకి రూపుకట్టే దశలో వేసే యూరియా) ఇంకా మిగిలి ఉంటే చార్టు అప్పుడు తియ్యండి.