ఆగిపోయిన జపాన్ మిఠాయి మళ్లీ మొదలైతే అది పాత మిఠాయేనా? మత్సుయేలో నేను చూసింది

మీరు అడిగినవి మూడు. జపాన్‌లో ఎప్పుడో ఆగిపోయిన సంప్రదాయ మిఠాయిలను మళ్లీ చేస్తున్నారంటారు కదా, నిజంగా ఆ పాత రుచే వస్తుందా? ఆ పని ఇప్పటివాళ్లు ఎలా నేర్చుకుంటున్నారు? బయటి దేశం వాళ్లు నేర్చుకోవచ్చా?

మొదటిదానికి నా జవాబు: అంతా వట్టి పేరే అనలేం. అలాగని అచ్చం పాత రుచేనని ఎవరైనా గట్టిగా చెబితే నేను నమ్మను. ఆ మిఠాయి ఆగిన ఎన్నాళ్లకు మళ్లీ మొదలైందో చూడాలి. అప్పటికి దాన్ని తిన్నవాళ్లు ఎవరైనా బతికి ఉన్నారా అన్నది ఇంకా ముఖ్యం.

నేను ఉద్యోగం కోసం మత్సుయేకి వచ్చాను. షిమానే ప్రిఫెక్చర్‌లో షింజి సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే రూబీ భాష తయారుచేసిన యుకిహిరో మత్సుమోతో ఉండే ఊరు. జపాన్ వాళ్లకు మాత్రం ఇది క్యోటో, కనజావాలతో పాటు చెప్పుకునే మిఠాయిల ఊరు. మా వీధి చివర ఒక చిన్న మిఠాయి దుకాణం ఉంది. దాని యజమాని పెద్దాయనతో పరిచయం పెరిగి, సెలవురోజుల్లో వెళ్లి వెనక గదిలో గిన్నెలు కడగడం, చిక్కుళ్లు ఏరడం లాంటి పనులు చేస్తుంటాను. నేను రాసేది అక్కడ చూసిందీ, ఊళ్లో అందరికీ తెలిసిందీ.

ఈ ఊరికి మిఠాయిల పేరు తెచ్చినవాడు మత్సుయే సంస్థానం ఏడో ప్రభువు మత్సుదైరా హరుసతో (1751-1818). టీ అంటే పిచ్చి ఉన్న మనిషి. టీ లోకంలో, అంటే టీని ఒక పద్ధతి ప్రకారం కలిపి అతిథులకిచ్చే కళ తెలిసినవాళ్లలో, ఆయన్ని ఫుమాయి అంటారు. ఆయన ఇష్టపడ్డవిగా చెప్పుకునే మిఠాయిల్లో మూడు ఇప్పటికీ ఇక్కడ దొరుకుతాయి. యమకావా ఎరుపు, తెలుపు పలకల జత. ఎరుపు శరదృతువులో కొండ మీది ఎర్రటి ఆకులకు, తెలుపు ఏటి నీళ్లకు గుర్తు. వకాకుసా జిగురు బియ్యంతో చేసే మెత్తటి ముక్క, పైన లేత పచ్చటి పొడి. మూడోది నతానే నో సతో. పసుపు పలకలో అక్కడక్కడ తెల్లటి బియ్యపు గింజలు కనిపిస్తాయి, ఆవపూల చేను మీద వాలిన సీతాకోకచిలుకలన్నమాట.

1868లో మెయిజీ ప్రభుత్వం వచ్చింది. 1871లో సంస్థానాలు రద్దయ్యాయి. ప్రభువు లేడు, ఆయన ఇచ్చే టీ విందులూ లేవు. ఆ విందుల కోసం చేసే మిఠాయి ఎవరు కొంటారు? చేసేవాళ్లు లేక కాదు, తినేవాళ్లు లేకే అవి ఆగిపోయాయి. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, అసలు విషయం ఇక్కడే ఉంది.

వకాకుసాను మెయిజీ కాలం (1868-1912) మధ్యలో సైయుందో అనే దుకాణం మొదటి యజమాని మళ్లీ తయారుచేశాడు. ఊళ్లో పెద్దవాళ్లనూ టీ తెలిసినవాళ్లనూ అడిగి తెలుసుకుంటూ, మళ్లీ మళ్లీ చేసి చూస్తూ పట్టుకున్నాడు. యమకావాను తైషో కాలంలో (1912-26) ఫూర్యూదో దుకాణం రెండో తరం యజమాని తిరిగి తెచ్చాడు. సంవత్సరాలు లెక్కవేసి చూడండి. వకాకుసా మళ్లీ వచ్చేనాటికి సంస్థానాలు పోయి రెండు మూడు దశాబ్దాలే అయింది. చిన్నప్పుడు తిన్నవాళ్లు ఇంకా ఉండే కాలం. "ఇది కాదు, ఇంకొంచెం మెత్తగా ఉండేది" అని చెప్పగలిగే నోరు ఒక్కటి ఉన్నా చాలు, అది ఏ పుస్తకంలోనూ దొరకదు.

పుస్తకాలు లేక కాదు. తొరాయా అనే పాత సంస్థ దగ్గర 1695 నాటి మిఠాయి బొమ్మల పుస్తకం ఉంది. పేరు, రంగు, ఆకారం తెలుస్తాయి. నోట్లో పెట్టుకుంటే ఎంతసేపటికి కరగాలో బొమ్మను చూసి ఎలా తెలుస్తుంది? పైగా అప్పటి పంచదార వేరు, ఇప్పటి పంచదార వేరు. షికోకు దీవిలో కగావా, తొకుషిమాల్లో సన్నటి చెరకుతో వసన్‌బోన్ అనే పంచదార ఇప్పటికీ చేస్తున్నారు. రసం కాచి, బరువుల కింద నొక్కి, నీళ్లు చిలకరించి చేత్తో పిసికి, మళ్లీ నొక్కుతారు. ఇలా ఎన్నోసార్లు. అందుకే అంత ధర. కాబట్టి "మూడొందల ఏళ్ల నాటి అదే రుచి" అని బోర్డు కనబడితే ముందు ఏ పంచదార వాడుతున్నారో అడగండి.

ఇక చేతిపని. యమకావా లాంటివాటికి సరుకులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని: పంచదార, కన్‌బైకో పొడి, కొద్దిగా నీళ్లు. కన్‌బైకో అంటే జిగురు బియ్యాన్ని ఉడికించి దంచి, ఆ ముద్దను రంగు మారకుండా పల్చగా కాల్చి, పొడి చేసింది. పంచదారను తడిపి, ఈ పొడి కలిపి, జల్లించి, చెక్క చట్రంలో నొక్కుతారు. పొయ్యి ఎక్కించే పనే లేదు. ఇంత తేలికా అనుకుంటాం. కష్టమంతా తడి దగ్గర ఉంటుంది. తక్కువైతే పొడిపొడిగా రాలిపోతుంది, ఎక్కువైతే ఆరాక రాయిలా గట్టిపడుతుంది. మత్సుయే ఉండే సానిన్ ప్రాంతంలో "మధ్యాహ్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు" అనే సామెత ఉంది. అంత ముసురు. పొద్దున ఉన్న గాలి మధ్యాహ్నానికి ఉండదు. పెద్దాయన పిండిని గుప్పిట్లో బిగించి, తెరిచి, వేలితో విరిచి చూస్తాడు. మా అమ్మ అరిసెల పాకాన్ని నీళ్లలో వేసి ఉండ కట్టి చూసినట్టే. (అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే, నెయ్యి లేకుండా అది మిఠాయి ఎట్లా అవుతుందిరా అంది. చిక్కుళ్లు, బియ్యం, పంచదార, సముద్రపు నాచు నుంచి తీసే కాంతెన్, ఎక్కువగా ఇవే. శాకాహారులకు జపాన్‌లో ఇంతకన్నా టెన్షన్ లేని తిండి లేదు. గుడ్డు వేసేవీ కొన్ని ఉన్నాయి, అడిగి తినండి.)

నేను ఇంజనీర్ బుద్ధితో ఇదంతా రికార్డు చేద్దామన్నాను. పెద్దాయన కాదనలేదు. గ్రాములు రాశాను, గదిలో తేమ కొలిచే మీటరు పెట్టాను, చేతులు వీడియో తీశాను. సగం పనికొచ్చింది. మిఠాయి ముద్ద మీద కత్తెరతో చామంతి రేకులు కత్తిరించే వరస లాంటివి వీడియోలో శుభ్రంగా తెలుస్తాయి, అక్కడ పని నేర్చుకుంటున్న అమ్మాయి ఇప్పటికీ అదే చూసుకుంటుంది. తడి లెక్క మాత్రం పట్టిక ప్రకారం రాలేదు. పొడి బస్తా మారితే అది పీల్చే నీరూ మారిపోతుంది. ఆ అమ్మాయికి పెద్దాయన ఆ పొడి కలిపే పని రోజూ ఇస్తాడు, పక్కన నిలబడి చూస్తాడు, ఎక్కువ మాట్లాడడు. ఆమె వాళ్ల చుట్టం కాదు. కొడుకు వేరే ఊళ్లో ఉద్యోగంలో స్థిరపడ్డాడు, దుకాణం తీసుకోనన్నాడు. పెద్దాయన దాన్ని పెద్ద బాధగా కూడా చెప్పడు. నా దృష్టిలో ఈ పని నిలబడాలంటే ముందు పోవలసింది, ఇంటి వారసుడే చెయ్యాలన్న పట్టుదల.

అయితే రోజూ కలిపి నేర్చుకోవాలంటే రోజూ అమ్ముడుపోవాలి కదా. మత్సుయే అదృష్టం అక్కడుంది. ఇక్కడ పది గంటలకూ మూడు గంటలకూ పెద్ద తతంగం లేకుండా ఇంట్లోనే మచ్చా (పచ్చ టీ ఆకుల పొడి) కలుపుకొని, పక్కన ఒక మిఠాయి పెట్టుకొని తాగే అలవాటు ఉంది. పైపులు బాగుచెయ్యడానికి వచ్చినాయనకు కూడా పొరుగింటావిడ అదే ఇచ్చింది. ప్రభువు పోయాక ఆగిపోయిన మిఠాయి మామూలు ఇళ్లలో తినేవాళ్లు దొరికాక నిలబడింది. 2022లో జపాన్ ప్రభుత్వం నెరికిరి, కొనాషి అనే, చిక్కుళ్ల ముద్దతో రూపాలు దిద్దే రకం మిఠాయిల తయారీని రిజిస్టర్డ్ అమూర్త సాంస్కృతిక సంపదగా గుర్తించింది. మంచిదే. కానీ గుర్తింపు వల్ల ఎవరూ రేపు మధ్యాహ్నం మిఠాయి కొనరు.

నన్నడిగితే దుకాణాల కన్నా వాటి వెనకున్న వాళ్ల సంగతే ఎక్కువ కంగారు. చెర్రీ చెక్క మీద అచ్చులు చెక్కేవాళ్లు దేశం మొత్తంలో చాలా కొద్దిమందే మిగిలారు. ఎడమను కుడిగా, ఎత్తును లోతుగా తిప్పి చెక్కాలి. వాళ్లు ఆగితే, మిఠాయి చేసే చెయ్యి ఎంత మంచిదైనా కొత్త ఆకారం పుట్టదు.

మీరు నేర్చుకోవచ్చా అంటే, రుచి చూడ్డానికి ఒక గంట క్లాసులు చాలా ఊళ్లలో ఉన్నాయి, భాష రాకపోయినా నడుస్తుంది. వృత్తిగా అయితే టోక్యో సేకా గక్కో లాంటి స్కూళ్లలో వగాషికి, అంటే జపాన్ సంప్రదాయ మిఠాయిలకు, వేరే కోర్సు ఉంది, పాఠాలు జపనీస్‌లోనే. చదివాక అదే పనిలో ఉండటానికి ఏ వీసా ఇస్తారో, ఫీజు కట్టకముందే ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గర కనుక్కోండి. నేరుగా దుకాణంలో చేరితే ముందు చిక్కుళ్లు కడిగించి, ఉడికించిన పప్పు జల్లించే పనిలో చాలాకాలం ఉంచుతారు. దానికి సిద్ధపడే వెళ్లండి.

ఒకసారి వచ్చి చూద్దామనుకుంటే అక్టోబరులో మత్సుయే రండి, కోట దగ్గర పెద్ద టీ వేడుక జరుగుతుంది. మిగతా రోజుల్లోనైతే ఫుమాయి 1779లో కట్టించిన మేమేయాన్ టీ ఇంటికి వెళ్లండి. అదీ చోట్లు మారి 1966లో ఇప్పుడున్న చోట మళ్లీ నిలబెట్టిందే. యమకావా కొంటే పలకను కత్తితో కోయకండి, చేత్తో విరిచే తినాలి.