పి-విలువ 0.03 వస్తే నా పరికల్పన 97 శాతం నిజమైనట్టేనా?

మీరు అడిగినవి రెండు. తిరుపతిలో రెండు కాలేజీల నుంచి 60 మంది చొప్పున 120 మందికి పరీక్ష పెట్టారు. పాఠాన్ని తెలుగులో కూడా వివరించే కాలేజీలో సగటు మార్కులు ఎక్కువ, పి-విలువ 0.03. అంటే 'తెలుగు వివరణ వల్ల మార్కులు పెరుగుతాయి' అన్న మీ పరికల్పన 97 శాతం నిజమా? ఇక స్టాండర్డ్ డీవియేషన్‌కీ స్టాండర్డ్ ఎర్రర్‌కీ తేడా ఏంటి? నేను ఈ రెండు చోట్లా తప్పు చేసినవాణ్నే కాబట్టి రాస్తున్నాను. రెండోదానితో మొదలుపెడతాను.

నా పీజీ ప్రాజెక్టు చిత్తూరు దగ్గర మా మామ తోటలో, తోతాపురి కాయల బరువు మీద. చీటీలు తీసి చెట్లను ఎంచి 36 కాయలు తూచాను. అంకెలు గుండ్రంగా చెబుతాను: సగటు 420 గ్రాములు, స్టాండర్డ్ డీవియేషన్ 60. దాన్ని 36 వర్గమూలమైన 6తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 10. రిపోర్టులో 'కాయ బరువు 420 ± 10 గ్రాములు' అని రాశాను. సీనియర్ల రిపోర్టుల్లో అలాగే ఉంది మరి.

మామ ఆ పేజీ చూసి, "ఏం నాయనా, కాయలన్నీ 410కీ 430కీ మధ్యలోనే ఉండాయా? 300 గ్రాముల కాయ ఒక్కటీ తగల్లేదా?" అన్నాడు.

300కి దగ్గరవి ఒకటి రెండు తగిలాయి, 410కీ 430కీ బయట ఉన్నవైతే చాలానే. కాయకీ కాయకీ ఉన్న తేడాను చెప్పేది 60. రేపు మళ్లీ వెళ్లి వేరే 36 కాయలు తూస్తే సగటు మామూలుగా ఎంత అటూ ఇటూ కదులుతుందో చెప్పేది 10. 144 కాయలు తూస్తే స్టాండర్డ్ ఎర్రర్ 5కి తగ్గుతుంది. డీవియేషన్ మాత్రం 60 దగ్గరే ఉంటుంది, మనం ఎక్కువ తూచామని కాయలు ఒకే సైజుకి రావు కదా. తోట మొత్తం సగటు సుమారు 400 నుంచి 440 మధ్య అని రాస్తామే, ఆ 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ వచ్చేదీ ఈ 10 నుంచే, దానికి సుమారు రెట్టింపు సగటుకి అటూ ఇటూ వేస్తాం. అదే మండీలో కుప్ప పైన కనిపించే పెద్ద కాయలే ఏరి తూచి ఉంటే, వెయ్యి కాయలైనా తప్పు సగటే వచ్చేది.

ఇక పి-విలువ. పక్క రైతుది డ్రిప్ ఉన్న తోట, మామది కాలువ కట్టి నీళ్లు పెట్టేది. అక్కడా 36 కాయలు తూచి పోల్చితే నాకూ 0.03 వచ్చింది. 'డ్రిప్ వల్ల బరువు పెరుగుతుందనడానికి 97 శాతం అవకాశం' అని రాసేశాను. అది తప్పు. ఆ లెక్క 'అసలు తేడా లేదు' అనుకునే మొదలవుతుంది. నిజంగా తేడా లేకపోతే, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ నూటికి సుమారు 3 సార్లు కనిపిస్తుంది, అంతే. తేడా లేదని ముందే అనుకుని వేసిన లెక్క, తేడా లేకపోయే అవకాశం ఎంతో చెప్పలేదు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో విడుదల చేసిన ప్రకటన కూడా ఇదే చెప్పింది. పి-విలువ 0.05 కన్నా తక్కువైతేనే ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవాలనే గీత కూడా ప్రకృతి గీసింది కాదు, గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1925 నాటి తన పుస్తకంలో అనుకూలంగా ఉంటుందని సూచించిన అంకె.

వైవాలో ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు: "ఎన్ని తోటలు తీసుకున్నారు?" రెండు. ఒక తోటలో కాయలన్నిటికీ మట్టి ఒకటే, ఎరువు ఒకటే, చూసుకునే రైతు ఒకరే. తేడా డ్రిప్‌ది కావచ్చు, మట్టిది కావచ్చు, చెట్ల వయసుది కావచ్చు. 72 కాయలు తూచినా డ్రిప్ విషయంలో నా దగ్గర ఉన్నది అటొక తోట, ఇటొక తోట. ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను.

మీ 120 మంది సంగతీ ఇంతే. కాలేజీలు రెండే, కాబట్టి లెక్చరర్లూ ఇంటర్ మార్కులూ తెలుగు వివరణతో కలిసిపోయి ఉంటాయి. సగటుల తేడా, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ రాయండి. 'తెలుగు వివరణ వల్ల' అన్న మాట మాత్రం తీసేయండి. సబ్మిషన్‌కి ఇంకా టైమ్ ఉంటే, ఉన్నచోటే ఇంకో 60 మందిని చేర్చకండి. రెండు రకాల కాలేజీలూ మరికొన్ని వెతికి, ఒక్కోచోట 20 మందిని తీసుకున్నా మీ పనికి బలం వస్తుంది. అప్పుడు విశ్లేషణ ఎలా చేయాలో మీ గైడ్‌తో ముందే మాట్లాడుకోండి.