నీటెద్దడిలో పొగాకు తోట

ప్రశ్న: గుణుపురం దగ్గర మూడెకరాల్లో పొగాకు వేశాం. నాటి 45 రోజులైంది, వాన జాడ లేదు. మధ్యాహ్నానికి ఆకు వాలిపోతోంది, అడుగాకు పసుపెక్కుతోంది. యూరియా వేస్తే కోలుకుంటుందా?
– ఒక రైతు, రాయగడ జిల్లా

జవాబు: యూరియా వేయకండి. పొడి నేలలో అది మొక్కకు అందదు. తర్వాత వాన పడగానే ఒక్కసారిగా అంది, ఆకు పచ్చగానే ఉండిపోతుంది, పక్వానికి రాదు, క్యూరింగ్‌లో (కోసిన ఆకును ఆరబెట్టి పదును చేసేటప్పుడు) రంగు చెడుతుంది.

ముందు తెల్లవారుజామున తోట చూడండి. పగలు వాలిన ఆకు సాయంత్రానికి లేస్తే భయం లేదు. ఎద్దడిలో మొక్కే తయారుచేసుకునే ఆబ్‌సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, నీరు ఆదా అవుతుంది. తెల్లారినా లేవకపోతే తడి ఇవ్వాల్సిందే. ఒక మొక్క పీకి వేరు కూడా చూడండి. బుడిపెలుంటే నులిపురుగు, మొదలు నల్లబడితే తెగులు. వాటికి నీళ్లు మందు కావు.

నాటిన తొలి రెండు మూడు వారాల్లో కొద్దిపాటి ఎద్దడి మంచిదే, వేరు లోతుకు దిగుతుంది. మీ తోట ఇప్పుడు ఆకు విచ్చుకునే దశలో ఉంది. ఇప్పుడు ఎండితే ఆకు చిన్నదై మందమెక్కుతుంది, నికోటిన్ పెరిగి చక్కెర తగ్గుతుంది.

నీళ్లు చాలకపోతే సాలు విడిచి సాలుకు పలుచగా పెట్టండి, నిలవనీయకండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ముందు పరీక్ష చేయించండి. ఉప్పునీటిలో ఉండే క్లోరైడ్ చేరిన ఆకు సరిగా కాలదు. క్లోరైడ్ ఉండే పొటాష్ ఎరువు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వద్దనేదీ అందుకే. గుంటక తోలి పైమట్టి గుల్ల చేయండి. లీటరు నీటికి 20 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి సాయంత్రం చల్లండి.