కాకినాడ పాత పోస్టుకార్డులు ఒక్కటీ దొరకట్లేదా? ఇలా వెతకండి

పాత వస్తువులు కూడా అమ్మే ఈబే వెబ్‌సైట్‌లో ఇప్పటి స్పెల్లింగ్‌తో కొడుతున్నారు, అందుకే ఏమీ రావట్లేదు. బ్రిటిష్ కాలంలో ఊరి పేరు ‘కోకనాడ’.

1. సి-ఓ-సి-ఏ-ఎన్-ఏ-డి-ఏ అని కొట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఇండియా అమ్మకందార్లతో ఆగిపోకండి. కెనడా, బ్రిటన్ వాళ్ల దగ్గర ‘మిషన్’ మాట కలిపి వెతకండి. 1874లోనే కెనడా బాప్టిస్టు మిషనరీలు (క్రైస్తవ ప్రచారకులు) కాకినాడ వచ్చారు. వాళ్లు ఇంటికి రాసిన కార్డులు అక్కడి అటకల మీదే ఉంటాయి కదా! కొందరు అమ్మకందార్లు ఊరి పేరు లేకుండా ‘మద్రాస్’ అని మాత్రమే పెడతారు. అలాంటప్పుడు వెనకవైపు ఫొటో అడిగి, తపాలా ముద్రలో ఊరి పేరు చదవండి.

3. వెనక మధ్యగీత లేకుండా మొత్తం చిరునామాకే వదిలేస్తే, బహుశా 1900ల తొలి ఏళ్లదో, ఇంకా పాతదో. ధర ఎక్కువ చెప్పినా బేరమాడి తీసుకోండి.