అసెంబ్లీలో మెడకు అట్ట వేసి నిలబెట్టారు... నెలన్నరగా బాబు మామూలు మనిషి కాలేకపోతున్నాడు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయికి 13 ఏళ్లు. ఎనిమిదో తరగతి. తోటి పిల్లాడి బ్యాగులోంచి 700 రూపాయలు తీసి దొరికిపోయాడు. మావారు ఆ డబ్బు కట్టేశారు. అయినా ‘నేను దొంగను’ అని రాసిన అట్ట మెడలో వేసి బాబును స్కూల్ అసెంబ్లీలో నిలబెట్టారు. ఎవరో తీసిన ఆ వీడియో ఊళ్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. నెలన్నరగా బడికి వెళ్లడు, తిండి సరిగ్గా తినడు, బాగా చిక్కిపోయాడు. ‘నేను పాపిని’ అంటూ రోజూ నా కాళ్లు పట్టుకుంటాడు. నానమ్మ చెప్పిందని రామకోటి మొదలుపెట్టి రాత్రి రెండింటి దాకా రాస్తున్నాడు. అక్షరం కుదరలేదని కాగితాలు చింపేస్తాడు. ‘అనుభవించనీ, బుద్ధొస్తుంది’ అంటారు మావారు. ఇది పశ్చాత్తాపమా, జబ్బా? మందులు వాడితే అలవాటైపోతాయా?
– ఓ తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, ఇది పశ్చాత్తాపం దాటి చాలా దూరం వచ్చేసింది. తిండి, నిద్ర, చదువు మూడూ దెబ్బతిని నెలన్నర అయిందంటే డిప్రెషన్ అని గట్టిగా అనుమానించాలి. చేసిన తప్పుకు ఎన్నో రెట్లు పెద్దదైన అపరాధ భావన ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. ఈ వారమే సైకియాట్రిస్ట్‌కు చూపించండి.

అంతకంటే ముందు, ఈ రోజే చేయాల్సింది ఒకటుంది. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని బాబును నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు, గడ్డిమందు, పెద్దవాళ్ల మాత్రలు ఉంటే బాబుకు అందకుండా తీసేయండి. పారాక్వాట్ అనే గడ్డిమందుకు విరుగుడు లేదు. రాత్రివేళ భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మీవారి మాట గురించి కూడా చెప్పాలి. తప్పు చేశానన్న బాధ పిల్లాడిని సరిదిద్దుకునే వైపు నడిపిస్తుంది. నేనే చెడ్డవాణ్ని అనే సిగ్గు మాత్రం దాక్కోమంటుంది. అట్ట వేయడం వల్ల జరిగింది ఈ రెండోదే. ఒత్తిడిపై జరిగిన 208 ప్రయోగాలను డికర్సన్, కెమెనీ అనే పరిశోధకులు 2004లో కలిపి చూశారు. నలుగురి ముందు పరువు పోతూ, దాన్ని ఆపడం మన చేతుల్లో లేనప్పుడు, ఒత్తిడిలో ఒంట్లో విడుదలయ్యే కార్టిసాల్ హార్మోన్ అన్నిటికంటే ఎక్కువగా పెరిగింది, తగ్గడానికీ ఎక్కువ సమయం పట్టింది. మీ బాబు విషయంలో అసెంబ్లీ ఒక్కరోజుతో ముగిసింది కానీ వీడియో ముగియలేదు. ఎవరి ఫోన్ మోగినా తన గురించేనేమో అనిపిస్తుంది వాడికి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే విషయం. ఆ 700 ఎందుకు తీశాడో ఎక్కడా లేదు. బహుశా ఎవరూ అడిగి ఉండరు. ఎవరైనా బెదిరించారా, గేమ్‌లో పోగొట్టుకున్నాడా, ఇంట్లో అడగడానికి భయపడ్డాడా? ‘దొంగ’ అని తేల్చేశాక కారణంతో ఎవరికీ పనిలేకుండా పోయింది. డబ్బు కూడా నాన్నే కట్టేశారు కాబట్టి వాడు తన చేత్తో సరిదిద్దుకున్నది ఏమీ లేదు. కాస్త కోలుకున్నాక, నెలకు కొంత చొప్పున తన పాకెట్ మనీలోంచి నాన్నకు తీర్చనివ్వండి. డబ్బు పోయిన ఆ తోటి పిల్లాడికి క్షమించమని రెండు వాక్యాల ఉత్తరం, ఒక్కసారే రాయనివ్వండి. మీ కాళ్లు పట్టుకున్నప్పుడు ‘క్షమించాను కన్నా, అది అయిపోయింది’ అని ఒకసారి చెప్పి మరో పనిలోకి తీసుకెళ్లండి. పదేపదే హామీ ఇస్తే పదేపదే అడుగుతాడు.

రామకోటి రాయడం తప్పు కాదు. రాసి మనసు తేలికైతే మంచిదే. కానీ అక్షరం కుదరలేదని చింపి మళ్లీ మొదలుపెట్టడం, ఆపలేకపోవడం ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని వద్దనుకున్నా మళ్లీ మళ్లీ వచ్చే మానసిక జబ్బు)లో కూడా కనిపిస్తాయి. ఈ వివరం డాక్టర్‌కు తప్పక చెప్పండి. లేకపోతే భక్తి అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. నానమ్మకు కూడా నెమ్మదిగా చెప్పి, రాత్రి పదికి పుస్తకం మూయించండి.

చికిత్సలో కౌన్సెలింగ్ ముఖ్యం. అవసరమైతే డిప్రెషన్‌ను తగ్గించే ఫ్లూక్సెటిన్ లాంటి మందు ఇస్తారు. దీనికి మత్తుమందులా బానిసవడం ఉండదు. ప్రభావం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారాల్లో చిరాకు, చనిపోవాలన్న ఆలోచన పెరుగుతుందేమో దగ్గరుండి గమనించాలి. తగ్గిందని మీ అంతట మీరు ఆపొద్దు. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేయకండి.

ఇక బడి సంగతి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం–2009లోని 17వ సెక్షన్ నిషేధించింది. పోలీసు కేసు నమోదైన బాలుడి పేరు, ముఖం కూడా బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం–2015 చెబుతోంది. అలాంటప్పుడు 700 రూపాయలకు ఒక పిల్లాడి ముఖం ఊరంతా తిప్పడం ఏ రకంగానూ క్రమశిక్షణ కాదు. ప్రధానోపాధ్యాయుడికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. స్పందన లేకపోతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌ను సంప్రదించండి. వీడియో తీసేయమని గ్రూప్ అడ్మిన్‌లను అడగండి. వినకపోతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. బడి మార్చాలా వద్దా అనేది బాబు కొంచెం తేరుకున్నాక వాడినే అడిగి తేల్చండి.

డాక్టర్ దగ్గరికి మీవారు కూడా రావాలి. అక్కడైనా, ఇంట్లోనైనా, ఆ డబ్బు ఎందుకు తీశావని కోప్పడకుండా మొదట ఆయన అడిగితే మంచిది.

– సైకియాట్రిస్ట్