దివ్యసత్ప్రసాదం పంచబోయే మా మేనకోడలికి

ప్రియమైన మేనకోడలికి,

క్రీస్తునాథుని శాంతి నీకూ నీ ఇంటిల్లిపాదికీ కలుగుగాక.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మీ విచారణలో, అంటే మీ గుడి పరిధిలో, దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా పుచ్చుకునే అప్పం) పంచే సేవకు ఫాదర్ గారు నీ పేరు కూడా ఇచ్చారట, మేత్రాణులవారి (బిషప్పుగారి) అనుమతి వచ్చిందట. వినగానే కళ్లు చెమర్చాయి. నువ్వు మాత్రం తిండి మానేసి టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పాడు, ‘నేను దీనికి పాత్రురాలినేనా’ అని. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదమ్మా. ప్రతి పూజలో సత్ప్రసాదానికి ముందు ఫాదర్ గారూ మనమూ కలిసే అంటాం కదా, ప్రభువా నేను పాత్రుడను కాను అని. ఆయనా అంటారు, నువ్వూ అంటావు, వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మా అంటుంది. పాత్రులమయ్యాకే మొదలుపెట్టాలంటే బలిపీఠం దగ్గరికి ఎవరమూ వెళ్లలేం. ఆ సంగతి ప్రభువుకు వదిలేసి పని నేర్చుకో. ఇరవై రెండేళ్లు ఈ సేవ చేశాను. కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక నేనే ఫాదర్ గారికి చెప్పి మానుకున్నాను. నాకు తెలిసింది నీకు రాస్తున్నాను.

ముందు ఒక మాట మనసులో పెట్టుకో. మనల్ని ‘అసాధారణ పరిచారకులు’ అంటారు. ఆ పేరు విని గొప్ప పదవి అనుకునేవాళ్లను చూశాను. అర్థం అది కాదు. సత్ప్రసాదం పంచడం మామూలుగా గురువుల (ఫాదర్ల) పని, వాళ్ల తర్వాతి మెట్టులో ఉండే డీకన్ల పని. వాళ్లు చాలనప్పుడు మనం చెయ్యి వేస్తాం, అంతే. 1973 జనవరిలో ఆరవ పౌలు పోపుగారు ఈ అనుమతి ఇచ్చింది కూడా అందుకే. గురువులు లేనిచోట, ఉన్నా ముసలితనంతోనో జబ్బుతోనో పంచలేనిచోట, జనం ఎక్కువై పూజ మరీ సాగిపోయేచోట విశ్వాసులు ఆకలితో వెనక్కి పోకూడదని. మన జిల్లాల్లో ఒక్క ఫాదర్ గారికి మెయిన్ గుడి కాక ఎన్ని ఊళ్లు ఉంటాయో నీకు తెలుసు. కాబట్టి పండుగ రోజు ఇంకో ఇద్దరు గురువులు వచ్చి పీఠం దగ్గర నిలబడ్డారనుకో, నువ్వు నీ చాప మీదే కూర్చో. 2004లో రోము నుంచి వచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది. ‘నన్ను పిలవలేదే’ అని ముఖం ముడుచుకోవద్దు. మా విచారణలో ఒకాయన అలా అలిగి ఏడాదిపాటు గుడికే రాలేదు. ఇప్పుడు తలచుకున్నా బాధేస్తుంది.

ఇక చేతుల సంగతి. ఆదివారం పొద్దున తలకు నూనె రాస్తే సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కో. శానిటైజర్ వాడితే పూర్తిగా ఆరనివ్వు, తడి వేళ్లకు అప్పం అతుక్కుపోతుంది. గాజులు తగ్గించుకో, అప్పాల పాత్రకు తగిలి చప్పుడవుతాయి. కొంగు తల మీద నుంచి జారకుండా రెండు పిన్నులు పెట్టుకో, ఎందుకంటే జారాక సర్దుకోవడానికి నీకు మూడో చెయ్యి ఉండదు. సత్ప్రసాదం పుచ్చుకోవడానికి గంట ముందు నుంచీ ఏమీ తినొద్దు, అది అందరికీ ఉన్న నియమమే. ఫాదర్ గారు సత్ప్రసాదం స్వీకరించేదాకా పీఠం మెట్లు ఎక్కొద్దు. పాత్రను నువ్వుగా తీసుకోవద్దు, ఆయన చేతి నుంచే అందుకో.

వరుస మొదలయ్యాక ఒక్కొక్కరికీ అప్పాన్ని కొంచెం పైకెత్తి చూపించు, వాళ్ల కళ్లలోకి చూడు, ‘క్రీస్తు శరీరము’ అను. ఆ రెండు మాటలే. పేరు కలపొద్దు, ముందూ వెనకా ఏమీ చేర్చొద్దు. వాళ్లు ‘ఆమెన్’ అనేదాకా ఆగు. ఈ ఆగడమే కష్టం. జనం ఎక్కువగా ఉన్నప్పుడు ఆమెన్ వినిపించకముందే చెయ్యి ముందుకు పోతుంది. నా మొదటి పాస్కా (ఈస్టర్) పండుగనాడు అదే జరిగింది. గుడి బయటిదాకా వరుస, లోపల ఉక్క, గబగబా ఇచ్చుకుంటూ పోతున్నాను. ఒక పెద్దావిడ నాలుక చాపి ఠక్కున మూసేసింది. అప్పం నా వేళ్ల మధ్య నుంచి జారి నాపరాయి మీద పడింది. వెనక నుంచి ‘అయ్యో’ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. కాళ్లూ చేతులూ ఆడలేదు. పక్క వరుసలో ఉన్న ఫాదర్ గారు ఒక్క అడుగు వేసి, ‘అమ్మా, కూర్చుని తీసుకో’ అన్నారు మెల్లగా. నడుము వంచితే పాత్రలోవి కూడా ఒలికిపోయేవి. మోకాళ్ల మీద కూర్చుని, తీసి, నేనే నోట్లో వేసుకున్నాను. పూజ అయ్యాక ఆ చోటు తడిగుడ్డతో తుడిపించారు. నన్ను ఒక్క మాట అనలేదు.

నీకూ అలా జరగొచ్చు. భయపడకు. వరుస ఆపు, ఎవరూ తొక్కకుండా నిలబడు, కూర్చుని తియ్యి. నువ్వే నోట్లో వేసుకో, లేదా విడిగా ఉంచి ఫాదర్ గారికి ఇవ్వు. పక్కన పళ్లెం పట్టుకున్న ఆల్టర్ బాయ్‌కి ముందే చెప్పు, నీ చేతినే చూస్తూ ఉండమని. పాపం పిల్లలు, వాళ్ల చూపంతా జనం మీద ఉంటుంది. నాలుక మీద పుచ్చుకునేవాళ్లు కొంచెం పొట్టివాళ్లయితే నువ్వే వంగు, వాళ్లను తల ఎత్తమనకు.

చేతిలో పుచ్చుకునేవాళ్ల సంగతి వేరు. మన పల్లెల్లో పెద్దవాళ్లు ఎడమచెయ్యి కింద పెట్టి కుడి అరచెయ్యి పైకి చాస్తారు చూశావా? 4వ శతాబ్దంలో యెరూషలేము మేత్రాణులు పునీత సిరిల్ కొత్తగా జ్ఞానస్నానం పొందినవాళ్లకు నేర్పింది కూడా ఇలాగే. ఎడమచేతిని కుడిచేతికి సింహాసనంగా చేసుకుని రాజును అందుకోమన్నారు. ఎవరూ నేర్పకుండానే మన ముసలివాళ్లకు ఆ మర్యాద వచ్చింది. ఈ కాలం పిల్లలు రెండు వేళ్లతో లాక్కోబోతారు. ఇవ్వకు, అరచెయ్యి చూపించి పెట్టు. నీ ముందే నోట్లో వేసుకున్నారా లేదా చూసుకో.

ఇక్కడ నీకు తప్పకుండా ఎదురయ్యే ఇంకో సంగతి ఉంది. క్రీస్తు జయంతి రాత్రి పూజకు ఊరంతా వస్తుంది. మన హిందూ సోదరులు, పిల్లల స్నేహితులు, పెళ్లి పూజకు వచ్చిన చుట్టాలు భక్తితో వరుసలో నిలబడి, ప్రసాదం అనుకుని చెయ్యి చాస్తారు. వాళ్ల తప్పు ఏమీ లేదు, మనమే ‘సత్ప్రసాదం’ అంటున్నాం కదా. అనుమానం వస్తే చాలా చిన్న గొంతుతో, పక్కవాళ్లకు కూడా వినపడకుండా ‘మీరు కతోలికులేనా అండీ?’ అని అడుగు. కాదంటే నవ్వి నమస్కారం పెట్టి ‘మీ కోసం ప్రార్థిస్తానండీ’ అను. ఒకసారి ఒక అబ్బాయి సత్ప్రసాదం జేబులో పెట్టుకుని ఇంట్లో అమ్మకు ఇస్తానని బయల్దేరాడు. పాత్ర పక్కనున్న సిస్టర్ చేతికి ఇచ్చి, గుమ్మం దాకా వెళ్లి, సంగతి చెప్పి వెనక్కి తీసుకున్నాను. గట్టిగా ఒక్క మాట అనలేదు. ఆ అబ్బాయి తర్వాతి ఏడు కూడా పండుగకు వచ్చాడు.

అలాగే వరుసలో ఉన్నవాళ్ల బతుకుల మీద తీర్పు చెప్పడం నీ పని కాదు. ఫలానా ఆవిడ కాపురం ఇలా ఉంది, ఫలానా ఆయన తాగుతాడు అని నీకు తెలిసే ఉంటుంది, మన ఊళ్లలో ఎవరికి తెలియదు? ఆ విషయాలు ఫాదర్ గారికీ వాళ్లకూ మధ్యవి.

నీ వరుస వదిలేసి ఫాదర్ గారి వరుసలోకి జరిగేవాళ్లు కూడా ఉంటారు. ఆడది ఇస్తోందని కొందరు, మరి ఎవరి అమ్మాయి, ఏ పేట అని చూసి ఇంకొందరు. నాకు మొదట్లో చాలా కష్టంగా ఉండేది, ఇంటికొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. నీ వరుసలో నలుగురే ఉన్నా ఆ నలుగురికీ తీరిగ్గా ఇవ్వు.

పూజ అయ్యాక మిగిలినవి మందసంలో (సత్ప్రసాదం దాచే పెట్టెలో) పెట్టడం, పాత్రలు శుద్ధి చేయడం ఫాదర్ గారు చూసుకుంటారు. నీ వేళ్లకు పొడి అంటుకుని ఉంటుంది. మందసం పక్కన చిన్న గిన్నెలో నీళ్లుంటాయి, అందులో వేళ్లు ముంచి తుడుచుకో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. గుడిలో నువ్వు పంచేది పది నిమిషాలు. ఈ సేవ బరువంతా రోగుల ఇళ్లలో ఉంది. 2వ శతాబ్దంలో పునీత జస్టిన్ రాసిపెట్టాడు, పూజకు రాలేనివాళ్లకు డీకన్లు సత్ప్రసాదం ఇంటికి తీసుకెళ్లేవారని. ఆ దారిలోనే నువ్వూ నడుస్తున్నావు. మెడలో వేసుకునే చిన్న సంచిలో గుండ్రని డబ్బీ ఉంటుంది, పిక్స్ అంటారు. అది మెడలో పడిన తర్వాత నీ కాళ్లు రోగి ఇంటికే నడవాలి. దారిలో కూరగాయలు కొనడం, ఫోన్ మాట్లాడడం, ఎవరింట్లోనో కూర్చుని కాఫీ తాగడం వద్దు. ఆటోలో వెళ్తే మనసులో జపమాల చెప్పుకుంటూ వెళ్లు. దారిలో పలకరించినవాళ్లకు తల ఊపితే చాలు, మనవాళ్లు అర్థం చేసుకుంటారు.

ముందు రోజే ఫోన్ చేసి చెప్పు, ఫలానా టైముకు వస్తున్నానని. చిన్న బల్ల, దాని మీద తెల్లగుడ్డ, సిలువ, కొవ్వొత్తి, ఒక గ్లాసు మంచినీళ్లు. అన్ని ఇళ్లలో ఇవి ఉండవు, కాబట్టి గుడ్డా కొవ్వొత్తీ నీ సంచిలోనే పెట్టుకో. బల్ల లేకపోతే స్టూలు చాలు. టీవీ ఆపమని అడగడానికి మొహమాటపడకు. ఇంటికి శాంతి చెప్పి, పశ్చాత్తాప ప్రార్థన, చిన్న సువిశేష భాగం, పరలోక జపం, తర్వాత సత్ప్రసాదం. రోగులకూ ముసలివాళ్లకూ వాళ్లను చూసుకునేవాళ్లకూ గంట ఉపవాసం నియమం లేదు. ‘ఇప్పుడే ఇడ్లీ తిన్నానమ్మా, ఎలా?’ అని కంగారుపడేవాళ్లు ఉంటారు, ఫరవాలేదని చెప్పు. చివర్లో గురువుల్లాగా చెయ్యెత్తి దీవించొద్దు. నీ మీద నువ్వు సిలువ గుర్తు వేసుకుని ‘ప్రభువు మనలను ఆశీర్వదించుగాక’ అను.

మింగలేనివాళ్ల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. మా వీధి చివర ఒక పెద్దావిడ పక్షవాతంతో ఆరేళ్లు మంచంలో ఉంది. మొదట్లో అందరికీ ఇచ్చినట్టే ఇచ్చి, ప్రార్థన చెప్పి వచ్చేసేదాన్ని. ఒకరోజు కోడలు వెనకాలే పరుగెత్తుకొచ్చి ‘అత్తమ్మ బుగ్గలోనే ఉండిపోయిందండీ’ అంది. వెళ్లి చూస్తే నిజమే, అంగిట్లో అతుక్కుని ఉంది. ఆవిడ చెప్పలేక కళ్లతోనే చూస్తోంది. ఆరోజు నుంచి పద్ధతి మార్చాను. గుడ్డ మీద అప్పాన్ని చిన్న ముక్క తుంచి, చెంచాలో రెండు చుక్కల నీళ్లతో తడిపి, నాలుక మధ్యలో పెట్టేదాన్ని. ఇంకో చెంచా నీళ్లు పట్టేదాన్ని. తర్వాత గొంతు చూస్తూ కూర్చునేదాన్ని. మింగినప్పుడు ఆ సన్నటి గొంతులో ఒక నరం పైకీ కిందికీ కదిలేది. ఒక్కోసారి పావుగంట పట్టేది. ఆ పావుగంట ఆవిడ చెయ్యి పట్టుకుని ఉండడం తప్ప నాకు వేరే పని ఉండేది కాదు. ఒకవేళ నోట్లోనుంచి బయటికి వచ్చేస్తే కంగారుపడకు. గ్లాసు నీళ్లలో వేసి, పూర్తిగా కరిగి రూపం పోయాక, ఎవరూ తొక్కని మట్టిలో ఆ నీళ్లు పొయ్యి. ముక్కులోనుంచి ట్యూబు పెట్టినవాళ్ల దగ్గర మాత్రం సొంతంగా ఏ ప్రయత్నమూ చేయొద్దు, ఫాదర్ గారిని అడుగు.

కొందరు నీ దగ్గర మనసులో ఉన్నదంతా చెప్పేసుకుంటారు. విను. కానీ పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) వినే అధికారం మనకు లేదు, తైలంతో అభ్యంగనం చేసే అధికారమూ లేదు. ‘ఫాదర్ గారిని తీసుకొస్తాను’ అని చెప్పి, అదే రోజు ఆయనకు చెప్పు. అభ్యంగనం అంటే ప్రాణం పోయేముందు చేసేదని మనవాళ్లకు ఇంకా భయం. జబ్బు ముదరకముందే పిలవమని ఇంటివాళ్లకు నెమ్మదిగా నచ్చజెప్పు. వాళ్లు నీకు చెప్పుకున్న ఇంటి గొడవలు మాత్రం నీ గడప దాటకూడదు, మీ ఆయనతో కూడా అనొద్దు.

ప్రార్థన అయ్యాక వాళ్లు మంచినీళ్లో మజ్జిగో ఇస్తారు. ఏ పేటైనా సరే, వాళ్లు ఇచ్చిన గ్లాసులోనే తాగు, సగం వదిలెయ్యకు. ఒక పొద్దుటికి ఇన్ని ఇళ్లు అని లెక్క పెట్టుకోవద్దు. నేను మొదట్లో ఏడు ఇళ్లు పెట్టుకుని చివరి ఇంట్లో నిలబడే ప్రార్థన ముగించేదాన్ని. తర్వాత మూడుకు తగ్గించాను.

ఫిబ్రవరి 11 లూర్దుమాత పండుగ, గుణదల తిరునాళ్లకు జనమంతా కొండకు వెళ్తారు. అదే రోజును రెండవ జాన్ పాల్ పోపుగారు రోగుల దినంగా పెట్టారు, 1993 నుంచి జరుపుకుంటున్నాం. గుణదల వెళ్లలేక మంచంలో ఉండిపోయినవాళ్లకు ఆరోజు మనసు చాలా చిన్నబోతుంది. మిగతా రోజుల్లో వీలు కాకపోయినా ఆరోజు తప్పకుండా వెళ్లు.

మీ నాన్న శనివారం వస్తున్నాడు కదా, అతనితో నేను కుట్టిన తెల్లగుడ్డలు నాలుగు పంపుతున్నాను. కాటన్‌వే, అంచులు చేత్తో మడిచి కుట్టాను. రోగి ఇంట్లో పరిచిన గుడ్డను మిగతా బట్టల్లో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేయకు. ముందు ఒకసారి విడిగా మంచినీళ్లలో జాడించు, దాంట్లో పొడి ఏమైనా ఉంటుంది. ఆ నీళ్లు సింకులో పారబోయొద్దు, మీ బాల్కనీలో తులసి కుండీ ఉంది కదా, దాని మొదట్లో పొయ్యి.

నీ మేనత్త